సన్యాసమ్మ తాగలేదు

రత్తయ్య గారికీ చేపల సన్యాసమ్మకీ జరిగిన తగువును మా అరుగు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశాను. పంతొమ్మిది వందల తొంభై నాలుగు, ఎండాకాలం. మా సందు భవానీపురంలో ఉంది, కృష్ణ ఒడ్డుకి నాలుగు వీధులు ఇవతల. రత్తయ్య గారు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇస్త్రీ పంచె, నుదుట విభూతి, చేతిలో ఫినాయిల్ సీసా. కిరాణా కొట్టు పక్కన సన్యాసమ్మ రోజూ కూర్చునే చోట ఆ సీసా మొత్తం గుమ్మరించేశారు.

"నీచు కంపు నా పూజగదిలోకి కొడుతోంది. రేపట్నుంచి ఈ సందులో కనపడ్డావంటే మున్సిపాలిటీ వాళ్ళని పిలుస్తా," అన్నారు.

సన్యాసమ్మ కత్తిపీట ముందు కూర్చుని బొచ్చె చేపకి పొలుసు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు. "పిలవండి బాబూ. ఆళ్ళకి మాత్రం ఆదివారం కూర వద్దేంటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దాంతో ఆయనకి ఇంకా మండింది.

"నాతో ఎకసెక్కాలా? ఉల్లిపాయ కూడా ముట్టని మనిషిని నేను."

"తవరి సంగతి నాకు తెల్దా అండీ," అని ఆమె చేతులు కడుక్కుంది. బుట్ట కిందున్న గోనెసంచిలోంచి ఒక స్టీలు గిన్నె తీసింది, మూతతో సహా. "మొన్న మంగళారం ఇది నా దగ్గరుండిపోయింది. ఎవురిదో తెలవక మోసుకు తిరుగుతన్నా. సంపూర్ణమ్మ గారూ, దీని మీద పేరేదో చెక్కుంది. మీకు అచ్చరాలొచ్చుగా, కాస్త చూసి పెట్టండి."

నేను మూడో తరగతి దాకా చదివాను. గిన్నె అందుకుని, అంచు మీది చుక్కల అక్షరాలు కూడబలుక్కుని, సందు చివరిదాకా వినపడేలా చదివాను. "ఎం. రత్తయ్య."

"ఎవడో మా గిన్నె దొంగిలించుంటాడు," అన్నారాయన.

"అయ్యుంటదండి. ఆ దొంగోడు కూడా అచ్చం తవరిలాగే పంచె కట్టుకుని, పక్క సందులోంచి వచ్చి, కొరమేను తలకాయి పక్కన పెట్టమని చెప్పి పోయాడు."

రత్తయ్య గారు గిన్నె పుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయారు. సన్యాసమ్మ ఫినాయిల్ చోటు మీద రెండు చెంబుల నీళ్ళు పోసి, మళ్ళీ అక్కడే కూర్చుంది. పై వారం నుంచి రత్తయ్య గారి భార్య వీధి గుమ్మంలోంచే వచ్చి చేపలు కొనుక్కునేది.

ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్వినవాళ్ళలో నేనే ముందున్నాను. ఇంట్లోకి వెళ్ళాక మాత్రం లోపల ఏదో గుచ్చుకుంది. అప్పటిదాకా మా సందులో నోరున్న మనిషంటే నేనే. కుళాయి దగ్గరైనా, కరెంటు బిల్లు దగ్గరైనా సంపూర్ణమ్మ మాట్లాడిందంటే ఎదుటివాళ్ళు తలుపేసుకోవాల్సిందే. అలాంటిది ఒక్క చెడ్డ మాట అనకుండా, గొంతు పెంచకుండా, చేపలమ్ముకునే మనిషి సందు మొత్తాన్ని తన వైపు తిప్పుకుంది. అది నాకు నచ్చలేదు. పదేళ్ళు మర్చిపోలేదు కూడా.

సన్యాసమ్మది బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరు. తొంభైలో వచ్చిన తుపానులో పడవా వలా పోయాయి. ఆ దిగులుతో మొగుడు మంచం పట్టి ఏడాది తిరక్కుండా కన్నుమూశాడు. కొడుకు నాగబాబుని వెంటబెట్టుకుని బెజవాడ వచ్చి, మా వెనక కొండ మీద రేకుల ఇల్లు వేసుకుంది. తెల్లారేసరికి మార్కెట్టులో చేప ఎత్తుకుని, ఎనిమిదికల్లా మా సందులో కూర్చునేది. వంజరం చేపని ఆవిడ చక్రాల్లా కోస్తే ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ వెంట్రుక తేడా ఉండేది కాదు. బొచ్చె చేప ముక్కనైతే వెలుతురుకి ఎత్తి చూసి, ఇది ఏటిదో చెరువుదో, చెరువుదైతే ఏ మేత తిన్నదో చెప్పేది. "ఇది తవుడు మేసిందమ్మా, కొవ్వు పట్టింది, ఇవ్వాళ వద్దులెండి," అని తన సరుకు తనే వద్దనేది. సందంతా ఆమెని నమ్మింది అందుకే.

ఆవిడ తండ్రి తాగి తాగి పోయాడు. ఆ సంగతి తనే నాకు చెప్పింది. కల్లు వాసన తగిలితే పైట ముక్కుకి అడ్డం పెట్టుకునేది. తాగినవాడు ఎక్కిన ఆటో ఎక్కేది కాదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

రెండువేల నాలుగు చివర్లో ఆవిడ మాట ముద్దగా రావడం మొదలైంది. "రొయ్యలో" అని కేక వేస్తే నోట్లో దూది పెట్టుకున్నట్టుండేది. ఒకరోజు కత్తిపీట మీంచి చేప జారి కాలవలో పడింది. ఇంకోరోజు మా గేటు ముందు కాలు తడబడి, గోడ పట్టుకుని నిలబడింది. నీరసమేమో అనుకున్నారు కొందరు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఆ సంక్రాంతి వెళ్ళాక మూడో ఇంటి శివపార్వతి గారి భర్త పోయారు. పదకొండో రోజున సన్యాసమ్మ పలకరించడానికి వచ్చింది. శివపార్వతి గారి చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయి పకపకా నవ్వింది. ఆపుకుందామని నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. ఆవిడ అలాగే గోడలు పట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

"ఏంటిది సంపూర్ణమ్మ గారూ?" అంది శివపార్వతి గారు.

"ఏముంది, పొద్దున్నే పట్టించి వచ్చింది," అన్నాను.

"తాగుతుందా?"

"వాళ్ళల్లో అదేమన్నా వింతా?"

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. అక్కడితో ఊరుకుంటే ఇంట్లో అనుకున్న మాటగా పోయేదేమో. ఊరుకోలేదు. ఆ వారంలో మా సందులో పదమూడు గుమ్మాలకి నేనే మోసుకెళ్ళాను. ఒకచోట మాట తూలుతోందన్నాను, ఒకచోట నడక చూడమన్నాను, ఒకచోట వాసన కూడా వచ్చిందన్నాను. వాసన రాలేదు. ఆవిడ దగ్గర ఎప్పుడూ చేప వాసన తప్ప ఇంకో వాసన రాలేదు.

అంతటితోనైనా ఆగాలా? బాగుచేద్దామని బయల్దేరాను. మా పుట్టింటి ఊరు మైలవరం అవతల. అక్కడ తాగుడు మాన్పించే పొడి ఇచ్చే మనిషి ఒకడున్నాడు. పనిగట్టుకుని బస్సెక్కి వెళ్ళి మూడు పొట్లాలూ ఒక రాగి తాయెత్తూ తెచ్చాను. "తెలియకుండా కూరలో కలపాలమ్మా. తాగే మనిషికైతే వాంతవుద్ది. తాగని మనిషినేం చెయ్యదు," అన్నాడు వాడు.

నాగబాబు ఆటో నడుపుతాడు. పెళ్ళయి ఏడాది. కోడలు ఉష ఇరవై ఏళ్ళ పిల్ల. దాన్ని మా పెరట్లోకి పిలిచి పొట్లాలూ తాయెత్తూ చేతిలో పెట్టాను.

"అత్త తాగదండీ మామ్మగారూ," అంది.

"నువ్వు కాపరానికొచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఏడాదండీ."

"నేను పదమూడేళ్ళుగా చూస్తున్నా. నీకంటే నాకు తెలీదా? రేపు నడిరోడ్డు మీద పడిపోతే నీ మొగుడి పరువేం కాను? పులుసులో కలుపు. పులుపులో తెలీదు."

ఆ పిల్ల నా వయసుకీ, నా ఇంటికీ, నా గొంతుకీ భయపడింది. కలిపింది. సన్యాసమ్మకి మొదటిరోజే వాంతయింది. ఉష పరిగెత్తుకొచ్చి చెప్పింది. నేను మళ్ళీ గుమ్మం గుమ్మం తిరిగాను. "చూశారా, నేను అనలా?" అన్నాను. ఆ పొడి ఎవరి కడుపులో పడినా బయటికి తెప్పిస్తుందేమో అన్న ఆలోచన నాకు రాలేదు. రానివ్వలేదు అంటే నిజం. మూడు పొట్లాలు అయినప్పుడల్లా ఇంకో మూడు తెప్పించాను. ఆర్నెల్లు పెట్టించాను. ఆవిడ చిక్కిపోయి జాకెట్టు భుజాల మీంచి జారిపోతుంటే, తాగుడు చేసే పని అదేనని కూడా చెప్పాను.

సందులో అందరూ ఆవిడ దగ్గర చేప కొనడం మానేశారు. నాగబాబు సిగ్గుతో కత్తిపీట తీసుకెళ్ళి ఇంట్లో అటక మీద పెట్టేశాడు. తల్లితో మాట్లాడటం కూడా తగ్గించాడట.

ఒకసారి, ఎండ నడినెత్తిన ఉండగా, సన్యాసమ్మ మా గేటు పట్టుకుని నిలబడింది. కొండ దిగి ఒక్కత్తే ఎలా వచ్చిందో. నన్ను చూసి మాట్లాడబోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట కట్టడంలేదు. "నే... తా..." అంటోంది. ఎంగిలి గడ్డం మీదికి కారింది. చేత్తో తుడుచుకోబోతే చెయ్యి అక్కడిదాకా రాలేదు.

"ముందు ఆ ఎక్కింది దిగనీ. తరవాత వద్దువుగాని," అని తలుపేశాను.

రెండువేల ఆరు వేసవిలో నాకు మెడ నరం పట్టేసింది. మా తమ్ముడి కొడుకు జయంత్ సూర్యారావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో మిషను నడుపుతాడు. వాడే తీసుకెళ్ళి మెడకి ఎమ్మారై తీశాడు. అయ్యాక బయట బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా చక్రాల కుర్చీలో ఒక మనిషి ఉంది. మొదట గుర్తుపట్టలేదు. పక్కన ఉష, ఐదో నెల కడుపుతో ఉంది. అప్పుడు తెలిసింది. సన్యాసమ్మ తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. కళ్ళు మాత్రం అవే. నన్ను చూశాయి, చూసి తిప్పుకోలేదు. నేనే తిప్పుకున్నాను.

లోపలినుంచి డాక్టరు సంజీవరావు గారు వచ్చారు. నరాల డాక్టరు. ఉషని పిలిచి, "నువ్వు కడుపుతో ఉన్నావు, లోపలికి వద్దు. ఇంకెవరూ రాలేదా?" అని అడిగారు.

"ఆయన దింపేసి బేరానికి పోయాడండి."

"మనిషి ఉండాలమ్మా. వెల్లకిలా పడుకోబెడితే ఉమ్మి గొంతుకి అడ్డం పడుతుంది. పిలవాల్సి వస్తే నొక్కమని రబ్బరు బంతి ఇస్తాం, దాన్ని నొక్కే బలం చేతుల్లో లేదు. కాలి వేలు కదిపితే చూసి చెప్పే మనిషి పక్కన కావాలి."

"మా అత్తయ్య ఉంది కదండీ," అన్నాడు జయంత్. వాడికేం తెలుసు.

బల్ల మీంచి లేచాను. గాజులు, గొలుసు, చెవులవి, తలపిన్నులు అన్నీ మళ్ళీ తీయించారు. ఆ గదిలో అయస్కాంతం ఉంటుందట, ఇనుపముక్క వెంట ఉండకూడదట. సన్యాసమ్మ ఒంటి మీద తీయడానికి ఏముందిలే అనుకున్నాను. ఉష ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి జరిపి కత్తెరతో నల్లతాడు కోసింది. నేను మైలవరం అవతల నుంచి తెచ్చిన రాగి తాయెత్తు. ఎన్నాళ్ళ నుంచో కట్టే ఉంది. చెయ్యి సన్నబడ్డకొద్దీ తాడు ముడి మీద ముడి వేసి బిగించినట్టుంది. ఉష దాన్ని నా వైపు చూడకుండా ట్రేలో పడేసింది.

లోపల గంట సేపున్నాను. నా చెవుల్లో దూది పెట్టారు. మిషను రోకళ్ళతో దంచినట్టు మోగుతూ ఆగుతూ మళ్ళీ మోగుతోంది. ఆవిడ తల, ఒళ్ళు గొట్టంలో ఉన్నాయి. నాకు కనపడేవి పాదాలు. కుడి పాదం రెండు చేతులతో పట్టుకుని బొటనవేలు చూస్తూ కూర్చున్నాను. చల్లగా ఉంది. పిక్క మీద చర్మం కింద ఏదో కదులుతోంది, నీళ్ళలో చేపపిల్లలు కదిలినట్టు, అక్కడొకటి ఇక్కడొకటి. ఆవిడ కదపటం లేదు. అదంతటదే కదులుతోంది. రెండుసార్లు వేలు కదిపింది. రెండుసార్లూ నేను చెయ్యి ఎత్తితే జయంత్ మిషను ఆపి, వచ్చి, ఆవిడని పక్కకి తిప్పి నోరు తుడిచాడు. నా చేతిలో పాదం ఉన్నది ఎవరిదో తెలిసి కూడా ఆవిడ వెనక్కి లాక్కోలేదు. లాక్కునే బలం లేదేమో, అది కూడా నాకు తెలీదు.

అయ్యాక అందరం టీవీ లాంటి పెట్టె ముందు చేరాం. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. మెదడు నుంచి, వెన్నులోంచి కండకి కబురు మోసే నరాలు చచ్చిపోతున్నాయి. దీన్ని మోటార్ న్యూరాన్ జబ్బు అంటారు. కబురు రాని కండ పని మానేసి ఎండిపోతుంది, దాని చోట్లో కొవ్వు చేరుతుంది. నరం ఎలా ఉందో ఇంకో పరీక్షలో ఆయన ముందే చూశారు. ఈ మిషను కండని ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. మంచి కండ నల్లగా, కొవ్వు తెల్లగా. ఆర్నెల్లకోసారి తీస్తే ఎంత పోయిందో, ఎంత వేగంగా పోతోందో కొలవొచ్చు.

"దీంతో తగ్గుద్దాండీ?" అంది ఉష.

"తగ్గదమ్మా. అబద్ధం చెప్పను. రేపు ఎవరన్నా మందు కనిపెడితే, అది పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఇలాంటి కొలతలు కావాలి. అందుకే డబ్బు తీసుకోకుండా తీయిస్తున్నాను. మీ అత్తగారికి ఇదంతా ముందే చెప్పాను, కళ్ళతో ఒప్పుకుంది."

తెర మీద తొడలు రెండూ పక్కపక్కన వచ్చాయి, అడ్డంగా కోసినట్టు గుండ్రంగా. నడుమ ఎముక, చుట్టూ కండ. సన్యాసమ్మ గొంతులోంచి ఏదో శబ్దం చేసింది. ఉష వంగి విని, తలెత్తింది.

"వంజరం ముక్కల్లా ఉన్నాయంటందండీ."

డాక్టరు గారు నవ్వారు. "ఇంకేమంటోంది?"

మళ్ళీ శబ్దం. గడ్డంతో తెర వైపు చూపించింది.

"ఎడంపక్కది ఇంకా పర్లేదంట. కుడిపక్కది తవుడు మేపిన చెరువు చేపంట. గీతలు గీతలుగా కొవ్వు దిగిందంట."

డాక్టరు గారు నవ్వు ఆపేసి తెర దగ్గరికి జరిగి చూశారు. "నిజమే," అన్నారు. "కుడివైపే ఎక్కువ పోయింది. చదువుకున్న పిల్లలకి ఇది చూపించడానికి నాకు అరగంట పడుతుంది."

ఆ ఒక్క క్షణం సన్యాసమ్మ ముఖంలో, ముక్కని వెలుతురుకి ఎత్తి చూసే మనిషి కనపడింది.

తరవాత నాలుక. ముఖాన్ని ముక్కు మీదుగా నిలువునా కోసి పక్కనుంచి చూసినట్టుంది బొమ్మ. పక్కనే ఆరోగ్యంగా ఉన్న మనిషిది ఇంకొకటి పెట్టారు. ఆ మనిషి నాలుక నోరంతా నిండి, నల్లగా, వీపు ఎత్తి ఉంది. సన్యాసమ్మది వెనక్కి కూలిపోయి, సగానికి సగం చిక్కి, తెల్లగా పాలిపోయి ఉంది.

"ఈమెకి జబ్బు మొదలైంది ఇక్కడే. ఈ నాలుకతో మాట తూలక ఏం చేస్తుంది?" అన్నారు డాక్టరు గారు. "ఊరికే నవ్వు, ఊరికే ఏడుపు రావడం ఉండేదా?"

"ఉండేదండీ," అంది ఉష.

"అదీ ఈ జబ్బులోదే. మనిషి చేతిలో లేదు. మరి ఇన్నాళ్ళూ ఏం వైద్యం చేయించారు? ఇంత చిక్కిపోయిందేం?"

ఉష నా వైపు చూసింది. సన్యాసమ్మ కూడా చూసింది. జయంత్ ఒక్కడే తెర వైపు చూస్తున్నాడు.

"ఏదో పొడి పెట్టామండీ. వాంతుల పొడి. తాగుడు మానాలని," అంది ఉష.

"తాగుడా? ఎవరిచ్చారు?"

అప్పుడు నేను ఒక్క మాట అంటే చాలు. రెండు అక్షరాలు, నేను అని. మాకున్న ఇల్లు, మా తమ్ముడి కొడుకు ముందు నా పెద్దరికం, డెబ్భై ఏళ్ళ వయసు, అన్నీ నోటికి అడ్డం పడ్డాయి. ఏమన్నానో తెలుసా? "ఎవరో పల్లెటూరి వాళ్ళు ఇచ్చుంటారండీ. ఈ చదువులేని వాళ్ళు ఎవరేం చెప్పినా నమ్ముతారు," అన్నాను.

"నేనే కలిపానండీ," అంది ఉష.

"ఎంత పని చేశావమ్మా," అని డాక్టరు గారు ఆ పిల్లని చాలాసేపు కోప్పడ్డారు. ఈ జబ్బులో బరువు తగ్గకూడదట. తిన్నది ఒంటపట్టకపోతే కండ ఇంకా త్వరగా పోతుందట. ఉన్న కొద్దిపాటి బలాన్నీ చేజేతులా వాంతి చేయించారు అన్నారు. ఉష తల వంచుకుని, కడుపు మీద చేతులు పెట్టుకుని, అన్నీ పడింది. నా పేరు చెప్పలేదు. నేను గాజులు తొడుక్కుంటూ నిలబడ్డాను.

వెళ్ళేముందు సన్యాసమ్మ నాలుక బొమ్మ వైపు గడ్డం చూపించి ఏదో అడిగింది. ఆ బొమ్మ తనకి కావాలట. జయంత్ ఫిల్ము తీసి కవరులో పెట్టి ఇచ్చాడు.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు పొద్దున్న హార్లిక్సు సీసా పట్టుకుని కొండెక్కాను. నూట పది మెట్లు. ఆ మెట్లు దిగి ఎండలో మా గేటు దాకా వచ్చిన మనిషి మొహం మీద తలుపేసింది నేనే కదా అని ప్రతి మెట్టు దగ్గరా తట్టింది.

ఇంట్లో నాగబాబు లేడు. సన్యాసమ్మని గోడకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ఉష పీట వేసింది. నేను పీట మీద కూర్చోలేదు, నేల మీద కూర్చున్నాను. హార్లిక్సు సీసా ముందుకి జరిపితే సన్యాసమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. వద్దని. ఉష సీసా నా పక్కకే జరిపింది.

"నాగబాబుకి తెలుసా, పొడి సంగతి?" అని అడిగాను ఉషని.

"చెప్పానండీ. స్కానింగు రోజునే. రెండు రోజులు ఇంటికి రాలేదు. నిన్న వచ్చాడు. వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర పడుకున్నాడు. నాతో మాట్లాడలేదు."

"నేనిచ్చానని చెప్పావా?"

"అత్త చెప్పనివ్వలేదండీ."

నాకు అర్థం కాలేదు. సన్యాసమ్మ వైపు చూశాను. ఆవిడ శబ్దాలు చేయడం మొదలుపెట్టింది. ఒక్కో ముక్కకీ గస వస్తోంది. ఉష చెవి దగ్గరపెట్టి వింటూ, తప్పు విన్నదేమో మళ్ళీ అడుగుతూ, ఒక్కో మాటే నాకు చెప్పింది.

"పొడి కలిపిన మొదటిరోజే అది తాగుడు మాన్పించే పొడని తెలిసిందంట అత్తకి. తన చేతి పులుసు రుచి తనకి తెలీదా అంటంది."

"తెలిసి ఎందుకు తిన్నావే?"

"మీరు... మీరు చెబితే సందంతా నమ్మారంట. తిని, ఏమీ కాకపోతే, అప్పుడైనా తాగలేదని నమ్ముతారని తినిందంట. వాంతయ్యేసరికి ఇంకో పొట్లం తిందంట. ఈసారి ఆపుకుందామని." ఉష తలెత్తింది. "నాకు తెలీదండీ ఇది. ఇప్పుడే చెబుతంది," అంది.

నేను రెండు చేతులూ జోడించాను. జీవితంలో దేవుడికి తప్ప ఎవరికీ జోడించలేదు.

సన్యాసమ్మ జోడించిన చేతుల వైపు చూడలేదు. గోడకి మేకుకి తగిలించిన కవరు వైపు చూసింది. ఉష లేచి దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. లోపల నాలుక ఫిల్ము.

"మీరు ఎన్ని గుమ్మాల్లో..." అని ఉష మొదలుపెట్టింది. సన్యాసమ్మ గట్టిగా శబ్దం చేసింది. ఉష నావైపు భయంగా చూసింది. "అత్త మీరు అనలేదండీ. నువ్వు అంది. నేను మార్చి చెబుతున్నానని కోప్పడతంది."

"ఎలా అంటే అలాగే చెప్పు," అన్నాను.

"'నువ్వు ఎన్ని గుమ్మాల్లో చెప్పావో అన్ని గుమ్మాలకీ ఈ పొటో పట్టుకుని పో. ఎవురితోనూ కబురు పంపమాక. నువ్వే పో. సన్యాసమ్మ తాగలేదు, తాగిందన్నది నేను, పొడి తెచ్చింది నేను అని చెప్పు. ఆఖర్న నాగబాబుకి చెప్పు. ముందాడికి చెబితే ఆడు నీ మీదికొస్తాడు, సందులో వాళ్ళు నీ వైపు చేరిపోతారు. అందుకే ఆపా.' అంటందండీ."

నాకు దుఃఖం ఆగలేదు. ఆ ఇంట్లో, ఆ పిల్ల ముందు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సన్యాసమ్మ ముఖం చిట్లించింది. మళ్ళీ ఏదో అంది, ఈసారి చాలాసేపు. ఉష విని, చెప్పడానికి వెనకాడింది.

"చెప్పవే," అన్నాను.

"'అక్కడ మాత్రం ఏడవమాక' అంటందండీ. 'ఏడిస్తే కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నిన్నే ఓదారుస్తారు. నా మాట అక్కడే ఆగిపోద్ది. కళ్ళు తుడుచుకుని, నిలబడి చెప్పు. చెప్పేసి పక్క గుమ్మానికి పో' అంటంది."